నీటిని విడదీసే ఎండ: హైడ్రోజన్ ఉత్ప్రేరకాలు, ఆక్సిజన్ చిక్కు

స్మారకోపన్యాసం

నీరు ఇంధనం కాదు. ఇంధనం మండిపోగా మిగిలిన పదార్థం. హైడ్రోజన్ ఆక్సిజన్‌తో కలిసి మండితే ఏర్పడేదే నీరు కనుక, దానినుంచి తిరిగి హైడ్రోజన్‌ను రాబట్టాలంటే మండినప్పుడు విడుదలైన శక్తిని మళ్లీ ఎక్కడినుంచో తెచ్చి పెట్టవలసిందే. ఒక లీటరు నీటిని పూర్తిగా విడదీస్తే సుమారు 111 గ్రాముల హైడ్రోజన్, 889 గ్రాముల ఆక్సిజన్ వస్తాయి. అందుకు సిద్ధాంతరీత్యా కావలసిన కనీస శక్తిని ఇంటి కరెంటు లెక్కలో చెబితే 3.7 యూనిట్లు, ఆచరణలో కరెంటుతో నీటిని విడదీసే నేటి విద్యుద్విశ్లేషణ యంత్రాలు తీసుకునేది దాదాపు 6 యూనిట్లు. ఉత్ప్రేరకం అంటే చర్యలో పాల్గొని, దాని వేగం పెంచి, చివరికి తాను ఖర్చు కాకుండా మిగిలే పదార్థం. అది కనీస శక్తిలో రవ్వంత కూడా తగ్గించలేదు; దానిపైన పడే వృథాను మాత్రమే తగ్గించగలదు. నీటితో నడిచే కారు కనిపెట్టామంటూ అప్పుడప్పుడు వెలువడే ప్రకటనలను తోసిపుచ్చడానికి ఈ ఒక్క లెక్క చాలు.

ఆ శక్తిని ఎండనుంచే నేరుగా తీసుకోవచ్చునా, నీటిలో కలిపిన ఒక పొడి మీద ఎండ పడగానే హైడ్రోజన్ బుడగలు పైకి రావడం సాధ్యమా అన్నది 50 ఏళ్లకు పైగా రసాయన శాస్త్రజ్ఞులను వెంటాడుతున్న ప్రశ్న. సాధ్యమేనని ప్రయోగశాలలు ఎప్పుడో తేల్చాయి. గిట్టుబాటవుతుందా అన్నదే ఇంకా తేలలేదు. ఈ ఆలస్యానికి కారణాన్ని చాలామంది హైడ్రోజన్ వైపే వెతుకుతారు గాని, అసలు అడ్డంకి నీటిలోని రెండో భాగస్వామి అయిన ఆక్సిజన్ దగ్గర ఉంది. తెలుగు నేలమీద జరిగిన పరిశోధనను కూడా ఆ దృష్టితోనే తూచి చూడటం ఈ ఉపన్యాసం ఉద్దేశం.

సికింద్రాబాద్ పరిసరాలకు హైడ్రోజన్ కొత్త కాదు. ఈసీఐఎల్ ప్రాంతంలో 1969 నుంచి పనిచేస్తున్న టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఫండమెంటల్ రీసెర్చ్ వారి బెలూన్ కేంద్రం, వాతావరణపు పైపొరలను పరిశీలించే పరికరాలను హైడ్రోజన్ నింపిన పెద్ద బెలూన్లతోనే పైకి పంపుతూ వచ్చింది. సికింద్రాబాద్ నుంచి ఉప్పల్ వెళ్లే దారిలో తార్నాక దగ్గర ఉన్న రసాయన పరిశోధన సంస్థ 1944లో హైదరాబాద్ సంస్థానపు కేంద్ర ప్రయోగశాలగా మొదలై, 1956లో శాస్త్రీయ పారిశ్రామిక పరిశోధన మండలి చేతికి వచ్చి రీజనల్ రీసెర్చ్ లేబొరేటరీ అనిపించుకుని, 1989లో ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ కెమికల్ టెక్నాలజీగా పేరు మార్చుకుంది. పాతతరం వారికి అది ఇప్పటికీ ఆర్‌ఆర్‌ఎల్ అనే పేరుతోనే గుర్తు. నూనెల రసాయనం ఆ సంస్థ తొలినాటి బలాల్లో ఒకటి. నికెల్ పొడి సమక్షంలో నూనెలోకి హైడ్రోజన్ ఎక్కించి వనస్పతిగా గడ్డకట్టించే విద్య నాటికే పరిశ్రమకు తెలిసినదే కనుక, హైడ్రోజన్‌నూ ఉత్ప్రేరకాన్నీ కలిపి ఆలోచించడం ఈ ప్రాంతపు రసాయనజ్ఞులకు కొత్తగా నేర్పవలసిన పని కాలేదు.

అయితే ఆ హైడ్రోజన్ ఎక్కడినుంచి వస్తున్నది? దేశంలో ఎరువుల కర్మాగారాలు, చమురుశుద్ధి కేంద్రాలు వాడే హైడ్రోజన్ దాదాపు అంతా సహజవాయువు వంటి శిలాజ ఇంధనాలను ఆవిరితో చర్య జరిపించి తీసినదే. సహజవాయువునుంచి తీసే ప్రతి కిలో హైడ్రోజన్‌కు 9 నుంచి 10 కిలోల కార్బన్ డయాక్సైడ్ గాలిలో కలుస్తుంది. రామగుండంలో ఒకప్పటి ఎరువుల కార్ఖానా బొగ్గునుంచి హైడ్రోజన్ తీసి అమ్మోనియా చేసేది. అది మూతబడిన చాలా ఏళ్లకు, 2021లో అదే చోట ఉత్పత్తి మొదలుపెట్టిన కొత్త కర్మాగారం సహజవాయువును వాడుతుంది. తెలంగాణ రైతు పొలంలో చల్లే యూరియా బస్తా వెనుక హైడ్రోజన్ ఉందన్నమాట. హైడ్రోజన్ అనగానే కార్లు, బస్సులు మనసులో మెదులుతాయి గాని, ముందుగా శుభ్రం చేసుకోవలసిన హైడ్రోజన్ ఎరువుల్లో ఉంది.

బొగ్గు, చమురు లేకుండా హైడ్రోజన్ తయారుచేసి దానినే దేశానికి ఇంధనంగా వాడుకోవచ్చునన్న ఆలోచనను తొలిగా స్పష్టంగా చెప్పినవారిలో జె.బి.ఎస్. హాల్డేన్ ఒకరు. 1923 ఫిబ్రవరి 4న కేంబ్రిడ్జిలో చేసిన ప్రసంగంలో ఆయన గాలిమరల కరెంటుతో నీటిని విడదీసి, వచ్చిన హైడ్రోజన్‌ను ద్రవరూపంలో భూగర్భంలో నిలవచేసుకునే రోజును ఊహించాడు. జన్యుశాస్త్రంలో పేరు తెచ్చుకున్న ఆ ఆంగ్ల శాస్త్రజ్ఞుడు 1957లో భారతదేశానికి వచ్చి స్థిరపడి, 1964 డిసెంబరు 1న భువనేశ్వర్‌లో మరణించగా, ఆయన కోరిక మేరకు దేహాన్ని కాకినాడ రంగరాయ వైద్య కళాశాలకు అప్పగించారు. వైద్య విద్యార్థులకు తెలిసినంతగా ఈ సంగతి తెలుగునాట రసాయన విద్యార్థులకు తెలియదు; తెలియవలసిన అవసరం ఉంది, ఎందుకంటే ఇప్పుడు అదే కాకినాడ, శిలాజ ఇంధనాలు లేకుండా తీసే హరిత హైడ్రోజన్ పటంలో ముఖ్యమైన ఊరు కాబోతున్నది.

హాల్డేన్ ఊహలో గాలిమరకూ నీటికీ మధ్య కరెంటు ఉంది. ఆ మధ్యవర్తిని తొలగించే దారిని 1972లో జపాన్ శాస్త్రజ్ఞులు అకీరా ఫుజిషిమా, కెనిచి హోండా చూపించారు. నీటిలో ముంచిన టైటానియం డయాక్సైడ్ స్ఫటికం మీద అతినీలలోహిత కాంతి పడినప్పుడు ఆ స్ఫటికం దగ్గర ఆక్సిజన్, దానికి తీగతో కలిపిన ప్లాటినం పలక దగ్గర హైడ్రోజన్ వెలువడ్డాయని వారు నేచర్ పత్రికలో ప్రకటించారు. గోడల రంగులకు తెల్లదనం ఇచ్చే చవక పొడి నీటిని విడదీసిందన్న వార్తను, మరుసటి ఏడాది వచ్చిన చమురు సంక్షోభం ప్రపంచమంతటికీ చేరవేసింది.

టైటానియం డయాక్సైడ్ అర్ధవాహకం; అంటే లోహంలా ఎప్పుడూ కరెంటును పోనివ్వదు, గాజులా పూర్తిగా ఆపనూ ఆపదు. అర్ధవాహకంలో ఎలక్ట్రాన్లు నిండి ఉన్న కింది శక్తి పట్టీకీ, ఖాళీగా ఉన్న పై పట్టీకీ మధ్య ఎలక్ట్రాన్ నిలవలేని అంతరం ఒకటి ఉంటుంది. ఆ అంతరానికి సరిపడా శక్తి ఉన్న కాంతికణం తగిలితే ఎలక్ట్రాన్ పై పట్టీకి ఎగబాకుతుంది. అది వదిలిన ఖాళీని రంధ్రం అంటారు. పైకెక్కిన ఎలక్ట్రాన్ నీటిలోని హైడ్రోజన్ అయానును హైడ్రోజన్ వాయువుగా మారుస్తుంది, కింద మిగిలిన రంధ్రం నీటినుంచి ఎలక్ట్రాన్లను లాక్కుని ఆక్సిజన్‌ను విడిపిస్తుంది. ఈ పని జరగడానికి అంతరం కనీసం 1.23 ఎలక్ట్రాన్ వోల్టులు ఉండాలి, వృథాను కూడా కలుపుకుంటే 2కు దగ్గరగా ఉండటం మేలు. అంతరం వెడల్పు ఒక్కటే చాలదు: పై పట్టీ హైడ్రోజన్‌ను తయారుచేయగలిగినంత ఎత్తులోనూ, కింది పట్టీ ఆక్సిజన్‌ను విడిపించగలిగినంత లోతులోనూ ఉండాలి.

చిక్కంతా ఇక్కడే మొదలవుతుంది. టైటానియం డయాక్సైడ్‌కు అనటేజ్ అనే స్ఫటిక రూపంలో అంతరం 3.2 ఎలక్ట్రాన్ వోల్టులు కావడంతో అది 388 నానోమీటర్ల కన్న తక్కువ తరంగదైర్ఘ్యం ఉన్న కాంతినే పట్టుకోగలదు. నేలకు చేరే ఎండలో అటువంటి కాంతి 5 శాతం లోపే. మిగిలిన ఎండ ఎంత తీవ్రంగా కాసినా ఆ పొడికి పట్టదు. పసుపురంగు కాడ్మియం సల్ఫైడ్ 2.4 ఎలక్ట్రాన్ వోల్టుల అంతరంతో కంటికి కనిపించే కాంతిని కూడా పీల్చుకుంటుంది గాని, దానిలో పుట్టిన రంధ్రాలు నీటిని వదిలి దాని సొంత సల్ఫైడ్‌నే ఆక్సీకరించి పదార్థాన్ని తినేస్తాయి. పైగా కాడ్మియం విషలోహం. ఇనుప తుప్పులోని హెమటైట్ చవక, నిరపాయం, ఎండను బాగా పీల్చుకుంటుంది. అయితే దాని పై పట్టీ హైడ్రోజన్ తయారీకి చాలినంత ఎత్తులో లేదు, రంధ్రాలు కొన్ని నానోమీటర్లు కదిలేలోపే ఎలక్ట్రాన్లతో కలిసి నశిస్తాయి. ఎండను పట్టే పదార్థం నీటిలో మన్నదు, మన్నేది ఎండను పట్టదు. నత్రజని, గంధకం వంటి మూలకాలను చొప్పించడం, రెండు అర్ధవాహకాలను జతచేయడం, మిశ్రమాలను కొత్తగా రూపొందించడం అన్నీ ఈ వైరుధ్యాన్ని దాటడానికి చేసిన ప్రయత్నాలే. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో చదివి అమెరికాలోని లూయీవిల్ విశ్వవిద్యాలయంలో ఆచార్యుడైన మహేంద్ర సుంకర బృందం గాలియం నైట్రైడ్‌లో కొద్దిపాటి యాంటిమొనీని కలిపి దాని అంతరాన్ని కనిపించే కాంతి పరిధిలోకి తేవడం ఈ చివరి దారికి చెందినది.

ఇక ఆక్సిజన్ సంగతి. హైడ్రోజన్ అణువు ఒకటి ఏర్పడటానికి రెండు ఎలక్ట్రాన్లు చాలు, ప్లాటినం వంటి లోహపు రేణువు మీద అవి క్షణాల్లో కలుస్తాయి. ఆక్సిజన్ అణువుకు మాత్రం రెండు నీటి అణువులనుంచి నాలుగు ఎలక్ట్రాన్లను లాగాలి, నాలుగు ప్రోటాన్లను విడిపించాలి, మధ్యలో ఏర్పడే అస్థిర పదార్థాలను చేజారకుండా పట్టుకోవాలి, చివరికి రెండు ఆక్సిజన్ పరమాణువులను ఒకదానితో ఒకటి కలపాలి. నాలుగు రంధ్రాలు ఒకేచోట పోగయ్యేలోపు వాటిలో అనేకం ఎలక్ట్రాన్లతో కలిసి వేడిగా మారిపోతాయి. జోడెడ్ల బండి నడక వెనకబడిన ఎద్దు నడకే కనుక, హైడ్రోజన్ వైపు ఉత్ప్రేరకాన్ని ఎంత మెరుగుపరచినా ఆక్సిజన్ వైపు మందగిస్తే మొత్తం చర్య మందగిస్తుంది.

ప్రకృతి కూడా ఈ పనిని అలవోకగా చేయడం లేదు. ఆకులో నీటిని విడదీసే చోట నాలుగు మాంగనీసు పరమాణువులు, ఒక కాల్షియం పరమాణువు ఆక్సిజన్ వంతెనలతో అల్లుకున్న గుత్తి ఉందని 2011లో జపాన్ శాస్త్రజ్ఞులు 1.9 ఆంగ్‌స్ట్రామ్‌ల స్పష్టతతో చూపించారు. ఆ గుత్తిని మోసే డి1 అనే ప్రోటీన్ మంచి ఎండలో అరగంటకు ఒకసారి దెబ్బతిని కొత్తదానితో భర్తీ అవుతుంది. ఆకు మన్నిక అంటే నిజానికి ఎడతెగని మరమ్మతు. మనుషులు చేసిన పొడికి ఆ మరమ్మతు విద్య లేదు. అందుకే దాన్నుంచి వేల గంటల మన్నికను ఆశించడం ఆకుకన్న కఠినమైన పరీక్ష పెట్టడమే.

మరో ఇబ్బంది కూడా ఉంది. హైడ్రోజన్‌ను తయారుచేసే ప్లాటినమే దానిని ఆక్సిజన్‌తో కలిపి మళ్లీ నీరుగా మార్చడంలోనూ దిట్ట. 1823లో జర్మన్ రసాయనజ్ఞుడు డోబరైనర్ ప్లాటినం మీదికి హైడ్రోజన్ ధారను వదిలి నిప్పు పుట్టించిన దీపం పనిచేసింది ఈ గుణంతోనే. ఒకే పాత్రలో రెండు వాయువులూ పుడితే ఉత్ప్రేరకం తాను కట్టినదాన్ని తానే కూలుస్తుంది. దీనికి జపాన్‌లో కజునారి డొమెన్ బృందం కనుక్కున్న ఉపాయం మెచ్చుకోదగినది: రోడియం రేణువు చుట్టూ క్రోమియం ఆక్సైడ్ పలుచని తొడుగు వేస్తే, హైడ్రోజన్ బయటికి రాగలుగుతుంది, ఆక్సిజన్ మాత్రం లోపలికి చొరబడలేదు.

తెలుగు ప్రయోగశాలల కృషి ఈ నేపథ్యంలో చూడవలసినది. తార్నాక సంస్థలో మాచిరాజు సుబ్రహ్మణ్యం, వి. దుర్గాకుమారి, వారి విద్యార్థులు టైటానియం డయాక్సైడ్‌ను జియోలైట్ వంటి సూక్ష్మరంధ్ర ఖనిజాల మీద అమర్చి, ఐసోప్రోట్యూరాన్ వంటి కలుపుమందుల అవశేషాలను నీటిలో కాంతితో విచ్ఛిన్నం చేసే పద్ధతులను విస్తారంగా పరిశీలించారు. 2006లో ఏర్పడిన కడప యోగి వేమన విశ్వవిద్యాలయంలో ఎం.వి. శంకర్ నడుపుతున్న ప్రయోగశాల, తార్నాక వారితో కలిసి కూడా, టైటానియం డయాక్సైడ్ నానో నిర్మాణాల మీద రాగి ఆక్సైడ్లను చేర్చి సహజమైన ఎండలోనే హైడ్రోజన్ తీయడంపై 2010ల దశకంలో వరుసగా పరిశోధన పత్రాలు వెలువరించింది. ప్లాటినం బదులు రాగిని ఎంచుకోవడం, దీపాల కింద కాక రాయలసీమ ఎండలో పరీక్షించడం రెండూ తెలివైన నిర్ణయాలు; సన్నకారు విశ్వవిద్యాలయానికి ఖరీదైన పరికరాలు లేకపోయినా ఎండకు కొదవ లేదు. ఉస్మానియా రసాయన విభాగం, బాలాపూర్‌లోని ఏఆర్‌సీఐ పరిశోధన సంస్థ, కందిలోని ఐఐటీ హైదరాబాద్ కూడా ఈ రంగంలో పనిచేశాయి.

ఈ పరిశోధనలను, వాటితోపాటు ప్రపంచమంతటా వెలువడిన ఇటువంటి వేలాది పత్రాలను చదివేటప్పుడు ఒక విషయం మరువరాదు. వీటిలో అత్యధిక భాగం శుద్ధమైన నీటిలో జరగవు. నీటిలో మిథనాల్ గాని, బయోడీజిల్ తయారీలో ఉపఫలంగా వచ్చే గ్లిజరాల్ గాని కలిపి చేస్తారు. ఆ పదార్థం రంధ్రాలకు సులువుగా ఎలక్ట్రాన్లను అప్పగించి తాను ఆక్సీకరణ చెందుతుంది కనుక, ఆక్సిజన్‌ను విడిపించే కష్టమైన మెట్టు తప్పిపోయి హైడ్రోజన్ ధారాళంగా వస్తుంది. శక్తి లెక్క చూస్తే తేడా తెలుస్తుంది: శుద్ధ నీటినుంచి ఒక మోలు, అంటే 2 గ్రాముల హైడ్రోజన్ తీయడానికి కనీసం 237 కిలోజౌళ్లు కావాలి, మిథనాల్ కలిసిన నీటినుంచి అయితే దాదాపు 3 కిలోజౌళ్లు చాలు. రెండో సందర్భంలో హైడ్రోజన్‌లో ఉన్న శక్తి ఎండది కాదు, మిథనాల్‌ది. ఇది మోసం కాదు, పత్రాల్లో దాచేదీ కాదు. ఉత్ప్రేరకపు ఒక సగాన్ని విడిగా అధ్యయనం చేయడానికి అది న్యాయమైన పద్ధతే. ఆ సగం ఫలితాన్ని నీటి విభజన అనే పేరుతో పత్రికలకు ఎక్కించడమే పొరపాటు. ఒక గ్రాము ఉత్ప్రేరకానికి గంటకు ఇన్ని మైక్రోమోళ్లు అనే కొలమానం కూడా అంత నమ్మదగినది కాదు, ఎందుకంటే పొడిని రెట్టింపు చేసినంత మాత్రాన దానిమీద పడే ఎండ రెట్టింపు కాదు.

గ్లిజరాల్ దారికి విలువ లేదని దీని అర్థం కాదు. పారిశ్రామిక వ్యర్థజలంలో ఎలాగూ నాశనం చేయవలసిన సేంద్రియ పదార్థాలు ఉన్నచోట, ఆ శుద్ధి పనిలోనే కొంత హైడ్రోజన్ కలిసివస్తే లాభమే. శివారు పటాన్‌చెరులోని పారిశ్రామిక కాలుష్యంతో దశాబ్దాలు పోరాడిన హైదరాబాద్ నగరానికి ఆ దారి విలువ వేరే చెప్పనక్కరలేదు. అప్పుడు దానిని వ్యర్థజల శుద్ధిగా లెక్కించాలి, ఇంధన ఉత్పత్తిగా కాదు.

శుద్ధ నీటితో, రెండు వాయువులనూ విడిపిస్తూ సాధించిన ఫలితాలు ఎక్కడి వరకు వచ్చాయి? 2020లో డొమెన్ బృందం అల్యూమినియం చేర్చిన స్ట్రాన్షియం టైటనేట్ మీద హైడ్రోజన్ వైపు, ఆక్సిజన్ వైపు వేర్వేరు సహ ఉత్ప్రేరకాలను స్ఫటికపు వేర్వేరు ముఖాల మీద అమర్చి, పడిన అతినీలలోహిత కాంతికణాల్లో 96 శాతం వరకు పనిచేయించగలిగింది. దాదాపు ఏ కణమూ వృథా కాలేదు. కాని అది మళ్లీ ఎండలోని ఆ కొద్దిపాటి అతినీలలోహిత భాగానికే పరిమితం. 2021లో అదే పదార్థంతో 100 చదరపు మీటర్ల ఫలకాలను ఆరుబయట నెలల తరబడి నడిపి, వచ్చిన మిశ్రమ వాయువునుంచి పొరల ద్వారా హైడ్రోజన్‌ను వేరుచేసి చూపారు. ఎండలోని శక్తిలో హైడ్రోజన్‌గా మారినది గరిష్ఠంగా 0.76 శాతం. 2023లో అమెరికాలోని మిషిగన్ విశ్వవిద్యాలయ బృందం ఇండియం గాలియం నైట్రైడ్ మీద ఎండను కేంద్రీకరించి, నీటిని 70 డిగ్రీల దగ్గర ఉంచి, ప్రయోగశాలలో 9.2 శాతం సాధించింది.

ఈ శాతాలను హైదరాబాద్ ఎండకు అన్వయిస్తే వాటి బరువు తెలుస్తుంది. చదరపు మీటరుకు రోజుకు సుమారు 5.5 యూనిట్ల సౌరశక్తి పడుతుందనుకుంటే, 1 శాతం సామర్థ్యంతో వచ్చే హైడ్రోజన్ 1.7 గ్రాములు, రోజుకు కిలో హైడ్రోజన్ కోసం 600 చదరపు మీటర్లు పరవాలి. 10 శాతం వస్తే 60 చదరపు మీటర్లు చాలు. పోటీ పక్కనే ఉంది: 20 శాతం సామర్థ్యపు మామూలు సౌరఫలకానికి 70 శాతం సామర్థ్యపు విద్యుద్విశ్లేషణ యంత్రాన్ని జోడిస్తే 14 శాతం ఇప్పటికే చేతికి వస్తుంది, హైడ్రోజన్, ఆక్సిజన్ విడివిడిగా వస్తాయి, పేలుడు భయం తగ్గుతుంది, రెండు యంత్రాలూ బజారులో దొరుకుతాయి. పొడి ఉత్ప్రేరకం గెలవాలంటే అది సామర్థ్యంలో కాక ఖర్చులో గెలవాలి, అదీ ఏళ్ల తరబడి మన్నుతూ.

అందుకే 2023 జనవరిలో 19,744 కోట్ల రూపాయలతో కేంద్రం ఆమోదించిన జాతీయ హరిత హైడ్రోజన్ మిషన్, 2030 నాటికి ఏటా 50 లక్షల టన్నుల లక్ష్యాన్ని ప్రధానంగా విద్యుద్విశ్లేషణ మీదే ఆనించింది. హైదరాబాద్ కేంద్రంగా ఉన్న గ్రీన్‌కో వ్యవస్థాపకుల ఏఎం గ్రీన్ సంస్థ కాకినాడలో ఏటా 10 లక్షల టన్నుల హరిత అమ్మోనియాను తలపెట్టింది. అనకాపల్లి జిల్లా పూడిమడకలో 2025 జనవరి 8న శంకుస్థాపన జరిగిన ఎన్‌టీపీసీ కేంద్రం రోజుకు 1,500 టన్నుల హైడ్రోజన్‌ను లక్ష్యంగా పెట్టుకుంది. విద్యుద్విశ్లేషణ మీద ఆనుకోవాలన్న ఈ నిర్ణయం సరైనదే. దానితో ఉత్ప్రేరకాల పని తీరిపోదు, ఆక్సిజన్ చిక్కు యంత్రం మారినా వెంట వస్తుంది. ఆమ్ల పొరలతో పనిచేసే విద్యుద్విశ్లేషణ యంత్రాల్లో ఆక్సిజన్ వైపు మన్నగలిగేది ఇరిడియం ఒక్కటే అన్న పరిస్థితి నేటికీ ఉంది. ప్రపంచమంతా కలిపి ఏటా తవ్వితీసే ఇరిడియం 8 టన్నులకు అటూ ఇటూ. క్షార యంత్రాల్లో నికెల్ సరిపోతుంది గాని సామర్థ్యం కొంత తగ్గుతుంది. పూడిమడక లక్ష్యానికి నీరు కనీసం రోజుకు 1.35 కోట్ల లీటర్లు కావాలి, సముద్రం పక్కన కనుక ఉప్పునీటిని శుద్ధి చేసుకోవలసి వస్తుంది. శుద్ధి లేకుండా నేరుగా సముద్రపు నీటినే విడదీయబోతే ఆక్సిజన్‌కు బదులు క్లోరిన్ వెలువడే ప్రమాదం ఉంది, దానిని అడ్డుకోవడం మళ్లీ ఆక్సిజన్ వైపు ఉత్ప్రేరకం చేయవలసిన పనే.

తార్నాక, కడప, ఉస్మానియా, కంది ప్రయోగశాలలు కాంతి ఉత్ప్రేరకాలపై సంపాదించిన నేర్పు వృథా కాదు, దిశ కొంత మారవలసి ఉంది. ఈ ప్రయోగశాలలన్నింటికీ ఉమ్మడిగా ఒక పరీక్షా కేంద్రం ఉండి, ఎవరు తయారుచేసిన నమూనానైనా ఒకే దీపం కింద, ఒకే రకం ఎండలో, శుద్ధ నీటిలో, వెయ్యి గంటలపాటు నడిపి, హైడ్రోజన్‌తో పాటు ఆక్సిజన్ ఎంత వచ్చిందో, ఘనపరిమాణంలో రెండుకు ఒకటి నిష్పత్తి నిలిచిందో లేదో తేల్చి ప్రకటించే ఏర్పాటు జరగాలి. తార్నాక సంస్థకు ఆ పరికరాలు, ఆ చరిత్ర రెండూ ఉన్నాయి. విశ్వవిద్యాలయాల ధర్మనిధులు పతకాలకు, శాలువాలకు ఖర్చుచేసే దానిలో కొంత ఇటు మళ్లినా పని మొదలవుతుంది. అంతవరకు, నీటినుంచి ఎండతో హైడ్రోజన్ తీశామన్న వార్త కంటపడినప్పుడు అందులో ఆక్సిజన్ ఎంత వచ్చిందని పాఠకులు అడగాలి, విలేఖరులు రాయాలి, సిద్ధాంత గ్రంథాలు పరీక్షించే ఆచార్యులు ఆ అంకె లేని అధ్యాయాన్ని వెనక్కి పంపాలి.